ఏ పనికి ఇచ్చారో ఆ పనికే

ఆన్‌లైన్ వ్యాపారం, గోప్యత, ఐటీ చట్టం: పాఠకుల ప్రశ్నలకు అమలాపురం న్యాయవాది జవాబులు

పోయిన నెల ఆస్తి పంపకాల ఉత్తరాలు ముగించి, ఈసారి ఫోనులో పుట్టే గొడవల గురించి రాయమన్నాం. వచ్చిన కట్ట చూస్తే ఇవి పొలం గట్ల తగాదాలకి ఏమీ తీసిపోవు. రాసినవారి పేర్లు, కొన్నిచోట్ల ఊరి పేర్లు తీసేశాం. నా వివరాలు బయటపడ్డాయని మొరపెట్టుకున్నవారి పేరు పత్రికలో వేయడం కన్నా అన్యాయం ఉండదు.

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లె. పూతరేకులు చేసి, వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని హైదరాబాద్, బెంగళూరు, అమెరికా పంపిస్తుంటాం. ఆర్డర్లు చూడటానికి తెలిసినవాళ్ల అబ్బాయిని పెట్టుకున్నాం. షాపు ఫోను వాడి దగ్గరే ఉండేది. దసరా ముందు మానేశాడు. ఇప్పుడు మా షాపు పేరుకి ఒక్క అక్షరం మార్చి పేజీ పెట్టి, మా ఖాతాదార్లకే మెసేజులు పెడుతున్నాడు. మొన్న ఒకావిడ రేకులు ముద్దయిపోయి వచ్చాయని నాకు ఫోన్ చేసి తిట్టింది. అవి మేం పంపినవి కావండి. ఊళ్లో పెద్దమనుషులేమో 'నంబర్లే కదా, నంబర్లు ఎవరి సొత్తు' అంటున్నారు. చట్టం ఏమంటుంది?
(ఒక పాఠకురాలు, ఆత్రేయపురం మండలం)

జవాబు: ముందు ఆ 'నంబర్లే కదా' అన్న మాట సంగతి చూద్దామమ్మా. మీరు ఉత్తరంతో పాటు కొన్ని ఆర్డర్ల స్క్రీన్‌షాట్లు పంపారు. ఒక నంబరు పక్కన 'అత్తగారికి షుగర్, పంచదారవి వద్దు' అని ఉంది. ఇంకోచోట 'గురువారం పెళ్లిచూపులు, సాయంత్రానికల్లా అందాలి, పక్కింట్లో ఇవ్వొద్దు' అని ఉంది. మరొకరు ఫ్లాటు నంబరు, గేటు దగ్గర చెప్పాల్సిన కోడు ఇచ్చి 'పగలు అమ్మ ఒక్కతే ఉంటుంది, గట్టిగా బెల్లు కొట్టమనండి' అని రాశారు. ఎవరి ఇంట్లో ఏ జబ్బుందో, ఏ శుభకార్యం జరుగుతోందో, ఏ వేళకి ఎవరు ఒంటరిగా ఉంటారో అన్నీ ఆ ఫోనులో ఉన్నాయి. వాటిని నంబర్లు అనేవారు ఆ ఫోను ఒక్కసారి తెరిచి చూడలేదన్నమాట.

ఇక చట్టం. సమాచార సాంకేతిక చట్టం, అంటే ఐటీ చట్టం, 2000లో వచ్చింది, 2008లో దానికి పెద్ద సవరణ జరిగింది. దాని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ నుంచి సమాచారం కాపీ చేసుకుంటే నష్టపరిహారం కట్టాలి. చట్టం దృష్టిలో ఫోను కూడా కంప్యూటరే. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. 'ఫోను మా చేతికి వాళ్లే ఇచ్చారు కదా' అని ఆ అబ్బాయి తరఫు లాయరు తప్పకుండా అంటారు, నేనైనా అదే అంటాను. దానికి మీ జవాబు ఒకటే: ఫోను ఇచ్చింది ఆర్డర్లు చూడమని, జాబితా ఎత్తుకెళ్లమని కాదు. ఏ పనికి ఇచ్చారో ఆ పనికే అనుమతి. కానీ ఆ మాట కాగితం మీద ఉంటే కేసు నిలబడే తీరు వేరు. జీతం నోటిమాట మీద మాట్లాడుకున్నారు గనక మీకు కాస్త కష్టమే, అయినా చేతులెత్తేయాల్సిన పని లేదు.

మీ పేరుని పోలిన పేరుతో, మీరే అనుకునేలా సరుకు అమ్మడం ఇంకో నేరం. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉంది. ఐటీ చట్టం కింద దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. స్టేషన్‌లో 'ఇది మా పని కాదు' అంటే ఆ మాట గుర్తు చేసి, ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. డబ్బు రూపంలో నష్టపరిహారం కావాలంటే అది పోలీసుల దగ్గర దొరకదు. 5 కోట్ల లోపు దావాలు వినే అధికారం రాష్ట్ర ఐటీ కార్యదర్శికి ఉంది, ఆ హోదాని న్యాయనిర్ణయాధికారి అంటారు. మన జిల్లాల్లో ఆ దారి ఒకటుందని తెలిసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లాయర్లతో కలిపే చెబుతున్నాను.

పేరు విషయంలో చిన్న తేడా గమనించండి. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఊరి మొత్తానిది, అది వాడాడని మీరు ఆపలేరు. మీ షాపు పేరు మాత్రం మీదే. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ కాకపోయినా మీ పేరుతో సరుకు చెలామణీ చేయడాన్ని సివిల్ కోర్టు ఆపగలదు. ఎందుకైనా మంచిది, 30వ తరగతిలో దరఖాస్తు పెట్టుకోండి. మిఠాయిలు అందులోకే వస్తాయి. వ్యక్తిగత దరఖాస్తుకి ఆన్‌లైన్‌లో 4,500 రూపాయలు.

సాక్ష్యం దగ్గర చాలామంది బోల్తా పడతారు. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి కోర్టులో పెడితే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ఉంది. దాని ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి రెండు భాగాల ధ్రువపత్రం జతచేయాలి. ఒక భాగం ఫోను ఎవరి చేతిలో ఉందో వాళ్లు, రెండోది నిపుణులు సంతకం చేయాలి. అందుకని ఆ షాపు ఫోను ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి, రీసెట్ కొట్టకండి. ముద్దయిన రేకులు అందుకున్న ఆవిడని ఆ మెసేజ్, ఆవిడ డబ్బు పంపిన యూపీఐ రసీదు దాచమని బతిమాలండి. మీ మొత్తం కేసుకి ఆవిడే బలం. తిట్టిందని ఆవిడతో తగువు పెట్టుకోకండి.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. ఆ జాబితా మీ సొత్తు అంటున్నారు గానీ, అందులోని సంగతులు మీ ఖాతాదార్లవి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, అసలు బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకి, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. ఆ చట్టం లెక్కలో మీరు పెద్ద కంపెనీ కాకపోయినా జనం వివరాలు దగ్గర పెట్టుకున్న బాధ్యులే. వివరాలు బయటికి పొక్కితే ఆ చట్టం కింద పెట్టిన సమాచార రక్షణ బోర్డుకీ, ఆయా ఖాతాదార్లకీ చెప్పాలి. భద్రత సరిగ్గా పెట్టకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉందని పేపర్లో చూసి టెన్షన్ పడకండి, అది గరిష్ఠ హద్దు. తప్పు ఎంత పెద్దది, ఎంతమందికి నష్టం, వెంటనే ఏం చేశారు, ఇవన్నీ చూసి వేస్తారు.

కాబట్టి చట్టం ఇంకా గుమ్మంలోనే ఉందని ఆగకుండా మీ ఖాతాదార్లందరికీ ఇవాళే ఒక మెసేజ్ పెట్టండి: మా దగ్గర పనిచేసి మానేసినవారి వద్ద మీ నంబరు, చిరునామా ఉండే అవకాశం ఉంది, మా ఆర్డర్లు ఈ ఒక్క నంబరు నుంచే, డబ్బు ఈ ఒక్క ఖాతాకే. పరువు పోతుందని భయపడకండి. దాచిపెట్టాక ఎవరో చెబితే పోయేంత పరువు, మీరే చెబితే పోదు. ఆ గేటు కోడ్‌లు, షుగర్ సంగతులు డెలివరీ అయ్యాక చెరిపేయండి. ఇంకొకళ్లని పనిలో పెట్టుకుంటే ఒక పేజీ ఒప్పందం రాయించి, వాట్సాప్ బిజినెస్‌లో లింక్ అయి ఉన్న ఇతర పరికరాలు ఏమున్నాయో అప్పుడప్పుడూ చూసుకోండి. ఆ అబ్బాయి లాప్‌టాప్ ఇప్పటికీ లింక్ అయి ఉందేమో ముందు చూడండి. ఈ మాట పైనే రాయాల్సింది.

ప్రశ్న: రాజమండ్రిలో ఒక బట్టల షాపులో రెండు జతల లుంగీలు కొంటే ఫోన్ నంబరు చెప్పందే బిల్లు కొట్టనన్నారు. ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. నంబరు ఇస్తేనే సరుకు అనడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని 2023 మేలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చిల్లర వ్యాపార సంఘాలకి రాసింది. నంబరు లేకుండా బిల్లు కొట్టమని నవ్వుతూ అడగండి, కౌంటర్‌లో ఉన్న పిల్ల మీద అరవకండి, ఆ రూలు ఆమె పెట్టింది కాదు. వినకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. కౌలుకిచ్చిన అరెకరం అమ్మి రిజిస్ట్రేషన్ చేయించాను. కొన్నాళ్ల తర్వాత పాసుబుక్కు ప్రింటు చేయిస్తే, నా ఖాతాలోంచి దఫదఫాలుగా డబ్బు తీసినట్టు ఉంది. నాకు ఏటీఎం కార్డు లేదు, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. బ్యాంకువాళ్లు 'మీ వేలిముద్రతోనే తీశారు మాస్టారూ' అంటున్నారు. మెసేజులు అబ్బాయి నంబరుకి వెళతాయి, వాడు కువైట్‌లో ఉన్నాడు, ఇక్కడి సిమ్ తీసి బీరువాలో పెట్టేశాడు. నా వేలు నా దగ్గరే ఉంది గదా?
(ఉండి మండలం, పశ్చిమ గోదావరి)

జవాబు: మాస్టారూ, వేలు మీ దగ్గరే ఉంది, ముద్ర మాత్రం మీ దగ్గర ఒక్కచోటే లేదు. ఆధార్ ఆధారిత చెల్లింపు పద్ధతి ఒకటుంది. చిన్న మిషన్ పట్టుకుని ఊళ్లోకి వచ్చే బ్యాంకు మిత్ర దగ్గర ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బు ఇస్తారు. అందులో కార్డు లేదు, పిన్ లేదు, ఓటీపీ లేదు. నడవలేని ముసలివాళ్లకి అది దేవుడిచ్చిన వరం. మోసగాళ్లకీ అంతే. దస్తావేజుల నకళ్ల మీద ఉన్న వేలిముద్ర, ఆధార్ నంబరు తీసుకుని, ముద్రని సిలికాన్ లాంటి పదార్థం మీద అచ్చుపోసి డబ్బు లాగిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసులు పట్టుకున్నారు. మీ విషయంలో అదే జరిగిందని నేను చెప్పలేను, అది దర్యాప్తులో తేలాలి.

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. ముద్ర వేయించాక ఇంకు తుడుచుకోవడానికి కొబ్బరినూనె గుడ్డ ఇచ్చేవారు. ఆ రోజుల్లో ఆ ముద్ర దస్తావేజు దాటి పోయేది కాదు, ఆయన భయమంతా ముద్ర సరిగ్గా పడలేదని రిజిస్ట్రారు తిప్పి పంపుతాడేమోననే.

మీరు చేయాల్సింది: ఇవాళే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు వేసి బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి. నోటితో చెప్పి రాకండి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ఒకటుంది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో ఇంకెవరో చేసినప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందాక మూడు పనిదినాల్లో చెబితే ఖాతాదారుకి నష్టం అంటకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే కొంత హద్దు వరకే భారం పడుతుంది. ఆపైన ఆలస్యమైతే బ్యాంకు బోర్డు విధానం ప్రకారం తేలుస్తారు. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో వేయాలి. తప్పు ఖాతాదారుదేనని చూపించాల్సిన బాధ్యత కూడా బ్యాంకుదే. 'మీ వేలిముద్రే' అన్నంత మాత్రాన ఆ బాధ్యత తీరిపోదు. అయితే మెసేజులు బీరువాలో ఉన్న సిమ్‌కి వెళ్లాయి గనక, మీకు సమాచారం ఎప్పుడు అందినట్టు అన్నదాని మీద వాళ్లు పేచీ పెడతారు. అందుకే ఇంకో రోజు కూడా ఆగకండి. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి రుసుము లేదు, నాలాంటి వాళ్ల ఫీజూ అక్కర్లేదు.

తర్వాత ఎంఆధార్ యాప్‌లోగానీ ఆధార్ కేంద్రంలోగానీ బయోమెట్రిక్ లాక్ చేయించండి. సాయానికి 1947 నంబరు ఉంది. లాక్ ఉన్నంతకాలం రేషన్ దగ్గర, పింఛను దగ్గర కూడా వేలిముద్ర పడదు, అవసరమైనప్పుడు తెరిచి మళ్లీ వేసుకోవాలి. అది చిరాకే. ఆ బాధ వద్దనుకుంటే ఆధార్ ద్వారా నగదు తీసే సౌకర్యాన్నే ఈ ఖాతాకి ఆపేయమని బ్యాంకుని రాతపూర్వకంగా అడగండి. ఎవరైనా ఆధార్ జిరాక్సు అడిగితే, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఫోను నంబరు మీది పెట్టించండి. అబ్బాయి మంచివాడే అయ్యుండొచ్చు గానీ కువైట్ నుంచి మీ ఖాతాకి కాపలా కాయలేడు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లికి భీమవరం నుంచి ఫొటోగ్రాఫర్‌ని పెట్టాం. పెళ్లికి ముందు దిండిలో హౌస్‌బోట్ మీద ఫొటోలు తీశాడు. ఇప్పుడు ఆ ఫొటోలే తన ఇన్‌స్టాగ్రామ్‌లో ప్యాకేజీ ప్రకటనగా వేసుకున్నాడు. మా వియ్యంకులవారు నొచ్చుకున్నారు. 'నేను తీసిన ఫొటో నాది' అంటాడు. నిజమేనా?

జవాబు: మన దేశంలో నిజం కాదు. కాపీరైట్ చట్టం 1957లో 17వ సెక్షన్ (బి) క్లాజు చూడండి. డబ్బిచ్చి, ఒకరు అడిగితే తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి యజమాని. అంటే మీరు. ఇది చెబితే చాలామంది ఫొటోగ్రాఫర్లు నమ్మరు, సెక్షన్ తెరిచి చూపించాల్సి వస్తుంది.

కానీ 'వేరే ఒప్పందం లేనప్పుడు' అన్న ముక్క ఉంది. అడ్వాన్సు ఇచ్చిన రోజు ఆయన ఇచ్చిన కొటేషన్ కాగితం వెతకండి, వెనక వైపు కూడా చూడండి. 'ప్రచారానికి వాడుకునే హక్కు మాకు కలదు' అని ఒక మూల ఉండి, కింద మీ సంతకం ఉంటే బేరం వేరు. అప్పుడు కూడా అమ్మాయి, అల్లుడు ఆ కాగితం మీద సంతకం పెట్టలేదు కదా అన్న వాదన మీకుంది. కొత్త సమాచార రక్షణ చట్టంలో సమ్మతి అంటే స్వేచ్ఛగా, ఫలానా పనికని, విషయం తెలిసి ఇచ్చిందై ఉండాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలగాలి.

ఆ కుర్రాడి వైపు కూడా ఒక మాట. పాత పని చూపించకపోతే వాడికి కొత్త పెళ్లి రాదు. ముందు ఫోన్ చేసి, వియ్యంకులవారి సంగతి చెప్పి తీసేయమనండి. నూటికి తొంభైమంది తీసేస్తారని నా నమ్మకం. తీయకపోతే ఇన్‌స్టాగ్రామ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం ఉంది, యజమాని మీరేనని నింపి పంపండి. లాయరు నోటీసు ఆ తర్వాతి మాట.

ప్రశ్న: నరసాపురంలో మాది లేసు వ్యాపారం. జర్మనీ కొనుగోలుదారు కంపెనీ ఇదివరకు సరుకంతా ఒక్కచోటికి తెప్పించుకునేది. ఇప్పుడు వాళ్ల వెబ్‌సైట్‌లో ఆర్డరు పెట్టిన ఇళ్లకే నేరుగా పంపమంటున్నారు. దానికి ముందు ఇరవై పేజీల కాగితం మీద సంతకం చేయమన్నారు. అంతా జీడీపీఆర్ అట. మనకెందుకండీ ఐరోపా చట్టం?

జవాబు: మీరు ఒక్కచోటికి పంపినన్నాళ్లూ ఆ చట్టం మీ గుమ్మం దాకా రాలేదు. ఇప్పుడు జర్మనీ ఇళ్ల పేర్లు, చిరునామాలు మీ చేతికి వస్తున్నాయి. జీడీపీఆర్ అంటే ఐరోపా యూనియన్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. ఐరోపావాసుల వివరాలు అక్కడి కంపెనీ తరఫున ఇంకొకరు వాడితే, ఆ ఇద్దరి మధ్యా రాతపూర్వక ఒప్పందం ఉండాలని దాని 28వ అధికరణ చెబుతుంది. భారతదేశంలో రక్షణ తమతో సమానంగా ఉందని ఐరోపా కమిషన్ ఇంకా గుర్తించలేదు. అందుకని వాళ్ల ప్రామాణిక ఒప్పంద షరతులు కూడా ఆ ఇరవై పేజీల్లో జతచేసి ఉంటారు. ఆ కంపెనీవాళ్లకి మీ మీద అనుమానం ఉండి కాదు. తప్పు జరిగితే 2 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక టర్నోవర్‌లో 4 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా పడేది ముందు వాళ్లకే.

సంతకం చేసే ముందు మీ దగ్గర ఆ చిరునామా ఎక్కడెక్కడ తిరుగుతుందో ఒకసారి చూడండి. మెయిల్‌లో వస్తుంది. గుమాస్తా ప్రింటు తీస్తాడు. ప్యాకింగ్ చేసే అమ్మాయి వాట్సాప్‌లో ఫొటో తీసుకుంటుంది. కొరియర్ ఫారం మీద రాస్తారు. పాడైన ప్రింటు వెనక వైపు కుట్టు లెక్కలు వేసుకుంటారు. ఆ కాగితం పాలకొల్లు సంతలో పకోడీ పొట్లమై తేలినా ఆశ్చర్యం లేదు. ఒప్పందంలో 'చిరునామాలు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతాం' అని, అంటే తాళం తెలిసినవాళ్లు తప్ప ఎవరూ చదవలేని రూపంలో దాస్తాం అని ఉంటే, మీరు ఉంచగలిగితేనే సంతకం పెట్టండి. లేనిపక్షంలో మేం చేయగలిగింది ఇదీ అని రాసి పంపండి. జర్మనీవాళ్లు చేయలేనిదాన్ని ఒప్పుకుంటారు గానీ చేస్తానని చేయనిదాన్ని ఒప్పుకోరని మా క్లయింట్ల అనుభవం. పని అయ్యాక వివరాలు చెరిపేయాలన్న షరతు దగ్గర జాగ్రత్త. మన జీఎస్టీ చట్టం లెక్కల పుస్తకాలు, రికార్డులు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచమంటుంది. ఆ మినహాయింపు రాయించుకోండి. వివరాలు పొక్కితే వాళ్లు తమ అధికారులకి 72 గంటల్లో చెప్పాలి గనక, మీకు అంతకన్నా తక్కువ గడువు పెడతారు.

మీరు అడగకపోయినా చెబుతున్నాను. 'మా బ్యాంకు ఖాతా మారింది' అని మీ పేరుతో కొనుగోలుదారుకి దొంగ మెయిల్ వెళ్లి, డబ్బు ఇంకెవరికో పడే మోసం ఎగుమతిదార్లలో బాగా ఉంది. ఖాతా మార్పు ఫోనులో గొంతు విని నిర్ధారించుకున్నాకే అని ఆ ఇరవై పేజీలకి ఒక వాక్యం మీరూ చేర్పించండి.

ప్రశ్న: అక్కా, నేను చెరువుల మీద మేతలు వేసే పని చేస్తాను. రొయ్యకి రేటు పడిపోయి జీతం ఆగితే ఒక యాప్‌లో పది వేలు అప్పు తీసుకున్నాను. చేతికి ఆరు వేల చిల్లర వచ్చింది. ఏడో రోజుకి పదివేలూ కట్టమన్నారు. కట్టాను. ఇంకా ఉందంటున్నారు. నా ఫోనులో ఉన్న నంబర్లన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. నా ఫొటో ఏదో అసహ్యమైన బొమ్మకి అతికించి మా మేనమామకి పంపారు. ఇంకా అందరికీ పంపుతామంటున్నారు. ఊళ్లో తల ఎత్తుకోలేను.
(రాజోలు దగ్గర)

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా విడిగా జవాబు రాశాం. ఇక్కడ వేస్తున్నది నీలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలుసు గనక.

ముందు ఇంట్లో చెప్పు. ఆ యాప్‌వాళ్లకి ఉన్న ఒకే ఒక్క ఆయుధం నీ సిగ్గు. మీ అమ్మకి తెలిసిపోయాక వాళ్లు అమ్మడానికి ఇంక సరుకు లేదు. రాత్రిపూట భయం ఎక్కువైతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబర్ 2న డిజిటల్ అప్పుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మేలో వాటిని ఆదేశాలుగా మళ్లీ తెచ్చింది. యాప్ నీ కాంటాక్ట్‌లు, కాల్ లాగ్‌లు, ఫొటోలు చూడకూడదు. కెమెరా, లొకేషన్ లాంటివి ఖాతా తెరిచేటప్పుడు నీ సమ్మతితో ఒక్కసారి మాత్రమే. అప్పు డబ్బు అప్పిచ్చిన బ్యాంకు లేదా కంపెనీ ఖాతా నుంచి నీ ఖాతాకి నేరుగా రావాలి. వడ్డీ, ఛార్జీలు అన్నీ కలిపిన కాగితం ముందే ఇవ్వాలి. పది వేలు రాసుకుని ఆరు వేలు చేతిలో పెట్టి ఏడో రోజుకి మీద పడేవాడు ఇందులో ఒక్కటీ పాటించలేదు. అలాంటి యాప్ వెనక రిజర్వు బ్యాంకు గుర్తింపు ఉన్న కంపెనీ ఉండటం అరుదు. ఉంటే దాని పేరు యాప్‌లో రాసి ఉండాలి. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో డిజిటల్ అప్పుల యాప్‌ల జాబితా ఉంది, అందులో వెతికించు.

బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహితలో 308వ సెక్షన్, బెదిరింపు 351వ సెక్షన్. అసభ్యమైన బొమ్మ పంపినందుకు ఐటీ చట్టం 67వ సెక్షన్. మేనమామకి వచ్చిన మెసేజ్ చెరిపేయొద్దని చెప్పు. ఏ నంబరు నుంచి వచ్చిందో, నువ్వు ఏ యూపీఐ ఐడీకి కట్టావో, తేదీలతో ఒక తెల్లకాగితం మీద రాసుకుని 1930కి ఫోన్ చేసి, ఆ తర్వాత స్టేషన్‌కి వెళ్లు. ఒక్కడివే వెళ్లకు.

యాప్ తీసేసినా, అనుమతులు ఆపేసినా, ఇదివరకే ఎక్కించుకున్న నంబర్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. దాని గురించి నీకు అబద్ధం చెప్పను. అందుకే వాళ్లకన్నా ముందు నువ్వే అందరికీ చెప్పాలి. ఇక పైసా కట్టకు, కట్టిన ప్రతిసారీ 'వీడు కడతాడు' అని ఇంకొకడికి నీ పేరు ఇస్తారు. గుర్తింపు ఉన్న కంపెనీ అని తేలితే మాత్రం న్యాయంగా తేలిన బాకీ కంపెనీ ఖాతాకే కట్టి రసీదు తీసుకో, వాట్సాప్‌లో పంపిన ఐడీకి కాదు.

నీ ఫోనులో ఉన్నవాళ్లందరికీ ఈ మెసేజ్ పెట్టు, మాటలు మార్చుకోవచ్చు: 'ఒక దొంగ అప్పు యాప్ నా ఫోను నంబర్లు ఎత్తుకుపోయింది. నా పేరుతో అసహ్యమైన బొమ్మలు, అప్పు మెసేజులు వస్తే అవి అబద్ధం. తెరవొద్దు, ఎవరికీ పంపొద్దు, డబ్బు కట్టొద్దు. వచ్చిన నంబరు స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి, పోలీసులకి ఇస్తున్నాను.' మేనమామకి మాత్రం మెసేజ్ కాదు, ఇంటికెళ్లి చెప్పు.